ఎదురేడుపు

మంగ్యా వచ్చేసరికి లాలి మిర్పతోటల వంగి పండుకాయ ఏరుతున్నది. అతను గట్టు దాక రాకముందే అరిచిండు.

"లాలీ! యాడి సిన్మా మానుకోటకు వచ్చింది!"

యాడి అంటే వాళ్ల భాషల అమ్మ. అమ్మ చాందీ పోయిన వానకాలంల జ్వరమొచ్చి సచ్చిపోయింది. సచ్చిపోయిన మనిషి మానుకోటకు వచ్చిందని తోడవుట్టినోడే చెప్తుంటే ఎవలికైనా నడుము ఎట్ల లేస్తది? లాలి చేతుల ఉన్న కాయలు గంపల వేసుడు మరిచి అట్లనే వంగి ఉన్నది.

"ఏ సిన్మా భియా?" అన్ననడిగింది.

"గదే, మన ఊరి దొర గడీల తీసిండ్రు గదా, దయ్యం సిన్మా. హిందీది. స్టేషన్ రోడ్డుల గోడకు బొమ్మ అతికిచ్చిండ్రు. మన గడీ దర్వాజనే! పైన గబ్బిలాలు ఎగురుతున్నయి, ఒకామె నోట్లకెల్లి నెత్తురు కారుతాంది."

"యాడి ఉన్నదా బొమ్మల?"

"బొమ్మల లేదు. లోపటుంటది. కందీలు దీపం చేతికిచ్చి పొద్దుమాపు నడిపిచ్చిండ్రు గదనే, ఊకెనే నడిపిస్తరా?"

చాందీది ఒక్క ఫొటో లేదు. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతదని ఆమె పట్టు. జాతరల ఫొటోలు తీసేటాయన ఎదురైతే పైట మొఖం మీదికి గుంజుకొని పక్కకు తిరిగేది. గట్ల దాచుకున్న ఆయుష్షు ఏం పెరిగిందో ఆ సేవాలాల్ మారాజ్‌కే ఎరుక. సిన్మా మిషినికి మాత్రం భయపడలేదు. అది బొమ్మ తీసే డబ్బా అని ఆమెకు ఎవలూ చెప్పలేదు మరి.

ఈ నడుమ లాలికి ఒక భయం పట్టుకున్నది. అమ్మ చేతులు యాదికొస్తున్నయి, గాజుల సప్పుడు యాదికొస్తున్నది, మొఖం మాత్రం సక్కగ వస్తలేదు. కండ్లు తెచ్చుకుంటే నోరు పోతున్నది, నోరు తెచ్చుకుంటే కండ్లు పోతున్నయి. ఈ ముచ్చట మొగడు టీక్యాకు సుత చెప్పలేదు. కన్నతల్లి మొఖం మరిచిపోయే ఆడిదానివా అంటడని భయం.

టీక్యా పక్క సాలుకెల్లి తలెత్తి, "కాయ రాలిపోతాంది. సిన్మా ఏడికి వోతది, వచ్చే వారం చూద్దువు తియ్యి" అన్నడు.

"వచ్చే వారం ఏడిది బావా? చూసినోళ్లు తిట్టుకుంట వస్తుండ్రు. ఇయ్యాల్నో రేపో ఎత్తేస్తరట" అన్నడు మంగ్యా.

లాలి గంపల చెయ్యి పెట్టి, ఏరిన కాయనే మల్ల ఏరుతున్నది. టీక్యా అది చూసిండు. "పో తల్లీ పో. పోకుంటే ఈ తోటను మొత్తం ఆగం చేస్తవు" అన్నడు.

లాలి అత్తిల్లు గంగారం అడివిల. ఆడ పొద్దుపొద్దున బస్సెక్కితే గూడూరు మీదుగ మానుకోట. ఆ బస్సు ఎక్కినకాడికెల్లి లాలి కిటికీ ఊచ ఇడవలేదు. ప్రతి స్టేజీల డ్రైవరు చాయ్ తాగుతుంటే, కండక్టరు సుట్టాలతోని ముచ్చట పెడుతుంటే ఆమె పానం గిలగిల కొట్టుకున్నది. అప్పటికే సిన్మా ఎత్తేసిండ్రేమో. గోడ మీద వేరే బొమ్మ అతికిచ్చిండ్రేమో.

"యాడి కనవడ్తదంటవా భియా?"

"ఎన్నిసార్లు అడుగుతవే. కనవడ్తది."

తండాల ఒక పద్ధతి ఉన్నది. అయినోళ్లు చాన్నాళ్లకు కలిస్తే ఆడోళ్లు ముందు మాట్లాడరు, ఏడుస్తరు. ఒకరి మెడ మీద ఒకరు చేతులేసి రాగం తీసి ఏడుస్తరు. పెద్దది ముందు ఏడుపెత్తుకుంటది. నడిచొచ్చిన తొవ్వ, పడ్డ కష్టం అన్నీ రాగంలనే అడుగుతది, అడిగి ఆగుతది. అప్పుడు చిన్నది ఎదురేడవాలె. ఎదురేడుపు లేకుంటే కలిసినట్టే కాదు. ఇద్దరి ఏడుపు ఒడిసినంక నీళ్లు తాగి, "ఎప్పుడొచ్చినవ్, వానలు వడ్డయా" అని ముచ్చటల పడతరు. ఊరోళ్లు దూరంకెల్లి ఇని, పాపం ఎవలో సచ్చిండ్రనుకుంటరు.

సిన్మా తీస్తున్నరని తెలిసి లాలి అప్పుడు అత్తగారి తండాకెల్లి గడీకి పోయింది. అద్దాల రవిక, గాజులు అన్నీ ఇప్పిచ్చి చాందీకి తెల్లచీర కట్టిండ్రు. ఆ బోసి చేతులు చూసి లాలి గుర్తువట్టలేదు. చాందీనే కూతుర్ని చూసి, కందీలు కిందవెట్టి, ఉరికొచ్చి మెడ కావలిచ్చుకొని ఏడుపెత్తుకున్నది. చెవులకు డిప్పలు పెట్టుకొని గొంతులు పట్టే ఒక బొంబాయి ఆయన ఉరికొచ్చిండు. కొడతడేమో అనుకున్నది లాలి. ఆయన కొట్టలేదు, చేతులు జోడిచ్చిండు. "ఫిర్ సే, మాజీ, ఫిర్ సే" అన్నడు, మల్లొక్కపారి ఏడువుమని. లాలిని రెక్క పట్టి గోడ దిక్కు నిలవెట్టి, పెదువుల మీద ఏలు పెట్టి, పలకద్దని సైగ చేసిండు. చాందీ స్తంభాన్ని పట్టుకొని ఏడిచింది, అడిగింది, ఆగింది. లాలి నోరు తెరిస్తే ఆయన ఏలు చూపిచ్చిండు. చాందీ మల్ల అడిగింది, మల్ల ఆగింది. కూతురు పలకకపాయె. తర్వాత చాందీని ఇంకేదో నడక కోసం లోపలికి పిలిచిండ్రు, లాలి బస్సు యాళ్లయింది.

ఆఖరుసారి కలిసింది గదే. సచ్చిపోయిన కబురు వచ్చిన్నాడు గంగారం వాగు నిండి పారుతున్నది. దాటి పోయేసరికి మన్ను గప్పిండ్రు.

సిన్మా ఇంక ఎత్తెయ్యలేదు. మ్యాట్నీ గంట కొట్టంగ వీళ్లు టాకీసు ముంగట దిగిండ్రు. ఆడోళ్ల గేటు కాడ గట్టమ్మ అనే పెద్దావిడ స్టూలు మీద కూసొని వక్కపలుకులు కొరుకుతున్నది. లాలి టికెట్ చించి, "చిన్న పిల్లలు లేరుగదా బిడ్డా? లేకుంటే మంచిదే. ఉన్నా భయపడరు తియ్యి, నిన్న ఒక పోరగాడు ఆ దయ్యాన్ని చూసి అన్నం తినవెట్టుమన్నడు" అన్నది.

నిజంగనే అది సిన్మా కాదు, శని. పోయినోళ్లంతా భయపడదామనే పోయిండ్రు, వాళ్ల పైసలకు అంత భయం సుత దొరకలే. గబ్బిలానికి కట్టిన దారం కనవడ్తున్నది. దయ్యం తలుపు సాటుకు నిలవడితే దాని చెప్పులు బయటికి కనవడ్తున్నయి. హీరోయిను ప్రతి దానికి కెవ్వుమని అరిచి, స్నానం చెయ్యబోతది. ఇంత పెద్ద బంగ్లల దయ్యముందని తెలిసినంక సుత నీళ్లు పోసుకునేటోళ్లు ఉంటరా? కింద బెంచీల కాలేజీ పోరగాండ్లు ఈలలేసి, "ఓ దయ్యమా, జర బీడీ ఉన్నదా" అని కేకలు పెట్టిండ్రు.

గడీ లోపలిది అంత బొంబాయిల ఏసిన అట్ట గోడలే. దర్వాజ మాత్రం వీళ్లదే. ఆ దర్వాజ కనవడంగనే లాలి కాళ్లు దగ్గరికి ముడుసుకున్నది. ఆ దర్వాజ కాడ ఆమె తాత చెప్పులు ఇప్పి చేతుల పట్టుకొని నిలవడేటోడు. దొర పిలిచేదాక ఎండల నిలవడేటోడు. గా గడీల ఉన్నది దయ్యమే అయి ఉంటే తండా ఎప్పుడో బాగుపడేది. అన్నలు అడివిలకెల్లి ఊర్లకు వచ్చినంక దొరలు హన్మకొండకు పోయిండ్రు, తాళం పడింది, సిన్మావోళ్లు వచ్చి తీసిండ్రు. సిన్మాల మాత్రం దొర దేవుడసుంటోడట, ఎవత్తో పనిమనిషి సచ్చి దయ్యమై ఆ ఇంటిని పీడిస్తాందట. ఇనేటోడు ఉంటే చెప్పేటోడు ఎన్నైనా చెప్తడు.

లాలి రెప్ప కొట్టకుండ చూసింది. హీరో గజ్జెల సప్పుడు ఇని, చీకట్ల ఒక తలుపు తోసిండు. కిర్రుమన్నది. ఇప్పుడే, ఇప్పుడే అనుకున్నది. టక్కున తెల్లారింది. హీరో ఎండల కారు నడుపుకుంట పాటందుకున్నడు.

సిన్మా అయిపోయింది. జనం తిట్టుకుంట లేచిండ్రు. లాలి లేవలేదు. "అయిపోయింది లే బిడ్డా. ఏడుస్తున్నవా? దీనికి ఏడిచినదాన్ని నిన్నే చూస్తున్న" అన్నది గట్టమ్మ.

"మా యాడి దీంట్ల ఉండాలె అవ్వా. లేదు."

గట్టమ్మకు ముందు సమజ్ కాలేదు. అంతా ఇన్నంక నోట్ల వక్క బయటికి ఊంచి, లాలి చెయ్యి పట్టుకొని మెట్ల మీదికెల్లి మిషిను రూముకు తీసుకపోయింది. ఆపరేటర్ ఎల్లస్వామి బనీను మీద నిలవడి రీలు ఎనకకు చుడుతున్నడు.

"ముసలామె కందీలు పట్టుకొని నడిచేది ఉన్నదారా?" అడిగింది గట్టమ్మ.

"ఉన్నది. ఆ రీలు ఎగ్గొడుతున్నం. జనం గోల పెడుతుండ్రని మేనేజర్ సారే ఎగ్గొట్టుమన్నడు. ఏమున్నది దాంట్ల, ముసల్ది ఊకె నడుస్తది."

"గా ముసల్ది ఈమె తల్లి. సచ్చిపోయింది."

ఎల్లస్వామి చుట్టే చెయ్యి ఆగింది. లాలి దిక్కు చూసి, తల గీక్కొని, మల్ల చుట్టిండు. "రేపు మ్యాట్నీకి రాండ్రి. ఏస్త. సారు తిడితే తిట్టనీ. కని రేపు మ్యాట్నీతోని సరి, మాపటి బండికి రీళ్ల డబ్బ పోతది. జనం లేకుంటే ఆ ఆట సుత ఉండదు, మొన్న తలుపులేసిండ్రు" అన్నడు.

ఎనకనే మెట్లెక్కి వచ్చిన మంగ్యా అప్పటికప్పుడే కదిలిండు. "నేను మన తండాకు పోయి జనాన్ని తీస్కొస్త. నువ్వు ఈన్నే ఉండు" అని పుట్టింటి దిక్కు పోయే నర్సింహులపేట బస్సు కోసం ఉరికిండు. లాలి ఆ రాత్రి గట్టమ్మ ఇంట్ల వడుకున్నది. వడుకున్నది అనుడే గని నిద్ర ఏడిది?

తెల్లారి ఎండెక్కింది. మంగ్యా పత్తా లేడు. మేనేజర్ మహిపాల్ రెడ్డి వరండల కుర్చీ ఏసుకొని, చేతి గడియారాన్ని ఊకూకె చూస్తున్నడు. టికెట్ కిటికీ కాడ కాలేజీ పోరగాండ్లే కొందరున్నరు. నిన్న వచ్చినోళ్లే. సిన్మా కోసం కాదు, దయ్యాన్ని ఎక్కిరిద్దామని మల్ల వచ్చిండ్రు.

"వీళ్ల కోసం కరెంటు కాల్చాల్నా? గట్టమ్మా, గేటు వెయ్యి" అన్నడు మహిపాల్ రెడ్డి.

లాలి ఉరికిపోయి కుర్చీ ముంగట నిలవడ్డది. "జర ఆగు సారు. మా తండోళ్లు వస్తుండ్రు. దండం పెడ్త, జర ఆగు."

"మీ లంబాడోళ్లా? మీకు హిందీ సిన్మా ఏం సమజైతది?"

"నీకేం సమజైంది సారూ? మొదటి ఆటకే గురక పెడితివి" అన్నది గట్టమ్మ, గేటు ఎయ్యకుండ.

మహిపాల్ రెడ్డి మల్ల గడియారం చూసిండు. లాలి స్టేషన్ రోడ్డు దిక్కు చూసుకుంట నిలవడ్డది. ఒక లారీ వచ్చింది, అది కాదు. ఎడ్లబండి వచ్చింది, అది కాదు. సారు లేచి కుర్చీ మడతవెట్టిండు. అప్పుడు దూరంగ రవికల అద్దాలు తళుక్కుమన్నయి. ట్రాక్టర్ తొట్టిల నిలవడి ఒకరినొకరు పట్టుకొని తండా ఆడోళ్లు వస్తుండ్రు. మడిగట్టు మీద ఉన్నోళ్లను ఉన్నట్టే ఎక్కిచ్చుకొచ్చినట్టున్నడు మంగ్యా, కొందరి కాళ్లకు బురద సుత ఆరలేదు. మహిపాల్ రెడ్డి కుర్చీని మల్ల ఇప్పిండు.

ఆడోళ్ల బెంచీలు నిండినయి. మొదలు వాళ్లు సిన్మా చూడలేదు, దర్వాజను చూసి ఒకరికొకరు చూపిచ్చుకున్నరు. "మా మామ కొట్టిన మొల అదుగో" అన్నది ఒకామె. పోరగాండ్లు నిన్నటి లెక్కనే ఈలలేస్తున్నరు. లాలి నడుమ బెంచిల చేతులు రెండూ తొడల కింద పెట్టుకొని కూసున్నది. హీరో గజ్జెల సప్పుడు ఇన్నడు. చీకట్ల తలుపు తోసిండు. కిర్రుమన్నది.

తెల్లారలేదు.

నిజమైన గడీ మెట్లు. చివర్ల ఒక కందీలు. కందీలు పట్టుకొని తెల్లచీరల ఒక ముసలామె, వీపు ఇటు వెట్టి నడుస్తాంది. ఎడమ కాలు జర ఈడుస్తాంది. ఆ కాలును లాలి ఎన్నడు మరుస్తది? ఎడ్ల బండి మీదికెల్లి పడి ఇరిగిన కాలు అది.

"యాడీ" అన్నది మెల్లగ. "తిరుగు యాడీ. జర ఇటు తిరుగు."

మంగ్యా మొగోళ్ల బెంచీలకెల్లి నిలవడ్డడు. కందీలు ఆగింది. ముసలామె తిరుగుతాంది. చెంప కనవడే యాళ్లకు, టప్పున తెర నిండ వేరే మొఖం. బొంబాయి ఆమె. కోరలు, ఎర్రకండ్లు, మొఖానికి పూసిన సున్నం. "అరే, అత్తమ్మా!" అని అరిచిండు ఒక పోరగాడు. అంతా పకపక నవ్విండ్రు.

గీ మొఖం కోసమా లాలి ఇంత దూరం వచ్చింది? నడక అమ్మది, మొఖం ఎవతిదో. అమ్మ మొఖం పనికి రాదని కోసి పారేసిండ్రు. తండా ఆడోళ్లు లాలి దిక్కు చూస్తలేరు, చూడనీకి వాళ్లకు మనసొప్పుతలేదు.

తెర మీద ఎవలూ లేరు ఇప్పుడు. ఖాళీ మెట్లు, గోడ మీద కందీలు నీడ. ఆ ఖాళీల ఏడుపు లేచింది.

ఆ ఏడుపు ఎనక సిన్మావోళ్లు పీపీల సప్పుడు, ఈలగాలి సప్పుడు పెట్టిండ్రు. ఎన్ని పెడితేంది, ఆ గొంతు దాగదు. దయ్యం ఏడుస్తాందని బొంబాయి ఆయన అనుకున్నడు, హాల్ల పోరగాండ్లు అనుకున్నరు. తండా భాషల చాందీ అడుగుతాంది:

"లాలీ, నా పిట్టా, ఏ కొండలు దాటి వస్తివే? నీ కాళ్లకు ముండ్లు ఇరిగెనా? అత్తింట్ల నీకు బువ్వ పెట్టిరా? చెప్పవే నా తల్లీ..."

అడిగి ఆగింది. ఆ ఆగిన జాగను సిన్మావోళ్లు ముట్టుకోలేదు. భయం పుట్టిస్తదని అట్లనే ఇడిచిపెట్టిండ్రు. మిషిను తిరిగే సప్పుడు తప్ప హాల్ల ఏం లేదు. "ఓ ముసలమ్మా, ముక్కు చీదుకో" అని అరిచిండు ఒకడు.

లాలి లేచి నిలవడ్డది. ఆమె అనుకొని లేవలేదు, గొంతుల అన్నాళ్లు నిలిచిపోయిన ఏడుపే ఆమెను లేపింది. మెడ మీద చేతులెయ్యనీకి ఎవలూ లేక తన రెక్కలను తానే పట్టుకొని, రాగం తీసి ఎదురేడిచింది.

"గంగారం అడివి దాటొస్తి యాడీ, ముండ్లు ఇరిగెనే, వాగు దాటనియ్యకపాయెనే, నీ మొఖం మీద నా చేత పిడికెడు మన్ను పడకపాయెనే..."

తెర మీదికెల్లి చాందీ మల్ల ఎత్తుకున్నది. పిల్ల మాట ఇన్నంక ఏడిచినట్టే ఏడిచింది. "ఒంటిగ వస్తివా బిడ్డా, కడుపు పండెనా బిడ్డా..." మల్ల ఆగింది. లాలి మల్ల చెప్పింది. తండా ఆడోళ్లు ఒక్కొక్కరే లేచి, లాలి చుట్టు చేరి, పైటలు నెత్తి మీదికి గుంజుకొని అందుకున్నరు.

ఈలలు బందయినయి. కింద బెంచీల పోరగాడు ఒకడు తెర దిక్కు, ఎనక దిక్కు చూసి, పక్కోని చెయ్యి పట్టుకున్నడు. "పోదాం పారా" అన్నడు. కని ఇద్దరూ లేవలేదు. మహిపాల్ రెడ్డి ఉరికొచ్చి టార్చిలైటు వేసిండు. వెలుతురు లాలి మొఖం మీద పడ్డది. ఆయన ఏందని అడగబోయి, లైటు బంద్ చేసి, గోడకు ఆనుకొని నిలవడ్డడు.

ఆ సిన్మా ఆడినన్ని దినాలల్ల హాలు చప్పుడు లేకుండ కూసున్నది ఆ ఒక్కపారే. తర్వాత తెల్లారింది, హీరో కారు నడిపిండు, పాట పాడిండు. ఎవలూ ఎక్కిరియ్యలేదు.

ఆట ఇడిచినంక వరండల మంగ్యా కండ్లు తుడుసుకుంట వచ్చిండు. "మొఖం కనవడకపాయె లాలీ. నేనే ఊకె ఆశపెడితి" అన్నడు.

"కనవడకుంటేంది భియా? నన్ను అడిగింది గద. నేను చెప్పిన గద" అన్నది లాలి. గొంతు పోయింది, మాట బొంగురుగ వచ్చింది.

మిషిను రూంకెల్లి ఎల్లస్వామి సిన్మా డబ్బ దించుకొచ్చి రిక్షాల పెడుతున్నడు. మాపటి బండి యాళ్లయింది. లాలి ఆ డబ్బ మీద చెయ్యి పెట్టింది. ఎల్లస్వామి ఆమె చెయ్యి తీసేదాక ఆగి, అప్పుడు రిక్షాను పొమ్మన్నడు.

గట్టమ్మ లోపలికి పోయి కుండల నీళ్లు చెంబుల ముంచుకొచ్చింది. తండా పద్ధతులు ఆమెకేం తెలుసు. ఏడిచి ఏడిచి గొంతెండింది, పాపం అనుకున్నది గంతే.

"తాగు బిడ్డా" అన్నది. లాలి చెంబెత్తి గటగట తాగుతుంటే, పక్కన మెట్టు మీద కూలవడి, ఏదో ఒకటి అడగాలె గదా అని అడిగింది. "మీ దిక్కు వానలెట్లున్నయే ఈపారి?"

లాలి చెంబు దించింది. గట్టమ్మ మొఖాన్ని, చెంప మీది ముడుతలను, వక్కపలుకుతోని ఎర్రగైన నోటిని చానసేపు చూసింది.

"మంచిగనే వడ్డయి అవ్వా" అన్నది. "వాగు నిండ పారింది."